తెల్లని అన్నము, పసిపిల్లల బలము

కృష్ణానది సముద్రమున కలియు చోట మచిలీపట్నము, గుడివాడ, దివిసీమ ప్రాంతములు వరిచేలతో నిండి యుండును. ఈ సీమను అన్నపూర్ణ యని పిలుచుట తెలుగువారికి అలవాటు. అన్నమునకు కొరత లేని చోట పిల్లలు బలముగా పెరుగుదురని ఎవరైనను అనుకొందురు. కాని వైద్యశాస్త్ర చరిత్రను తిరుగవేసినచో ఒక వింత కనిపించును. ఇరువదవ శతాబ్ది మొదటి భాగములో బెరిబెరి యను ఆహారలోప వ్యాధి భారతదేశమున స్థిరముగా నెలకొనిన ప్రదేశములలో ముఖ్యమైనది మన ఉత్తర సర్కారుల తీరమే. పాలు త్రాగు పసిబిడ్డలను సైతము ఆ వ్యాధి విడువలేదు.

ధాన్యపు రాశుల నడుమ ఈ లోపము ఎట్లు కలిగినది? శాస్త్రజ్ఞులు దానిని ఎట్లు కనుగొన్నారు? పిల్లలకు మంచి తిండి అలవాటు చేయదలచిన ఉపాధ్యాయునకు ఆ కథ ఏమి నేర్పును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుదము.

ఆనకట్టయు, అన్నమును

1832–33 నాటి నందన కరువు గుంటూరు, బందరు ప్రాంతముల ప్రజలను తీవ్రముగా బాధించినది. నది నిండుగా పారుచున్నను ఆ నీరు పొలమునకు ఎక్కక సముద్రము పాలగుచుండెను. సర్ ఆర్థర్ కాటన్ సూచనలను అనుసరించి కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణము 1852లో మొదలై 1855లో పూర్తియైనది. దాని నుండి బయలుదేరిన కాలువలు బందరు వైపునకు, గుడివాడ వైపునకు సాగినవి. నదీపాయల నడుమనున్న దివిసీమకు ఇరువదవ శతాబ్ది తొలి దశకములో యంత్రములతో నీరు తోడి పారించుట ఆరంభమైనది.

నీరు వచ్చిన చోట వరి పెరిగినది. పూర్వము జొన్న, రాగి వంటి మెట్టపంటలు తినువారును క్రమముగా వరి అన్నమునకు అలవాటు పడినారు. 1908లో బెజవాడ నుండి గుడివాడ మీదుగా మచిలీపట్నమునకు రైలుమార్గము ఏర్పడినది. ధాన్యపు వర్తకము పెరిగి బియ్యపు మిల్లులు వెలసినవి. గుడివాడ ధాన్యమునకు, మిల్లులకు పేరు పొందిన పట్టణమైనది. కరువు భయము తగ్గుట ఎంతయు మేలే. అయితే కంచములోనికి వచ్చిన బియ్యపుగింజ పూర్వపు గింజవలె లేదు. అది మిక్కిలి తెల్లగా మారినది.

గింజలో ఏమున్నది?

వడ్లగింజను ఒకసారి పరిశీలింపుడు. పైనున్న గట్టి పొట్టు ఊక. అది తీయగా మిగిలినది గోధుమ వన్నె గల ముడిబియ్యము. దానిపై పలుచని పొరలు, ఒక కొనయందు చిన్న మొలక ఉండును. ఈ పొరలును మొలకయును రాలినప్పుడు ఏర్పడునదే తవుడు. తవుడు పోయిన పిమ్మట మిగిలిన తెల్లని భాగము దాదాపు అంతయు పిండిపదార్థమే. అది మొలకకు ప్రకృతి దాచియుంచిన ఇంధనము. ఆ ఇంధనమును శరీరము వినియోగించుకొనుటకు కావలసిన బి1 విటమిను, అనగా థయమిను, ఎక్కువ భాగము తవుటిలోనే కలదు.

మన దేశపు ఆహార పట్టికలలోని అంకెలు ఈ సంగతిని స్పష్టము చేయును. 100 గ్రాముల తవుటిలో 2.7 మిల్లిగ్రాముల థయమిను ఉండును. దంపుడు బియ్యములో అది 0.21 మిల్లిగ్రాములు. మిల్లులో పాలిషు పట్టిన పచ్చిబియ్యములో 0.06 మిల్లిగ్రాములు మాత్రమే. ఆ కొలదిపాటిలోను కొంత బియ్యము కడిగిన నీటితోను, మరికొంత వార్చిన గంజితోను పోవును. ఇంటి ఇల్లాలు మూడు నాలుగు మారులు కడిగి, గంజి వార్చి, మల్లెపూవు వంటి అన్నము వడ్డించినప్పుడు అందులో విటమిను పేరునకు మాత్రమే మిగులును. తవుడు గేదెకు దక్కినది, తెల్లని మెతుకు బిడ్డతల్లికి దక్కినది.

శరీరము థయమినును ఎక్కువగా దాచుకొనలేదు. ఆహారములో అది లేనిచో రెండు మూడు వారములలోనే నిలువ తరిగిపోవును. పిండిపదార్థము ఎంత ఎక్కువ తిన్నచో ఈ విటమిను అవసరము అంత హెచ్చును. కనుకనే కడుపునిండ అన్నము తినువానికి సైతము ఈ లోపము రావచ్చును. కాళ్ళు తిమ్మిరియెక్కుట, కండరములు బలము కోల్పోవుట ఒక విధమైన బెరిబెరి. కాళ్ళు వాచి, ఆయాసము కలిగి, గుండె దెబ్బతినుట మరియొక విధము.

కారణము కొరకు వెదుకులాట

మదరాసు సైన్యవైద్యుడైన మాల్కమ్సన్ బెరిబెరి చరిత్రను, చికిత్సను గురించి 1835లోనే ఒక గ్రంథము ప్రకటించినాడు. ఉత్తర సర్కారులలో ఈ వ్యాధి ప్రబలముగా ఉన్నదని అప్పటికే వైద్యులకు తెలియును. ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. 1835 నాటికి ఈ తీరమున ఆవిరి మిల్లులు లేవు. కనుక నేరమంతయు యంత్రముమీద మోపుట న్యాయము కాదు. రోకలితోనైనను మిక్కిలి తెల్లగా దంచి, చాలకాలము నిలువచేసి, ఇతర పదార్థములు తగినంత లేకుండ ఆ బియ్యమునే తిన్నచో ఫలితము అదే. యంత్రము చేసిన పని యేమనగా, పూర్వము కొందరికే దొరికిన తెల్లదనమును అందరికిని చౌకగా అందించుట.

కారణమును తొలుత పట్టుకొన్నవాడు జావాద్వీపమున పనిచేసిన డచ్చి శాస్త్రజ్ఞుడు ఐక్మన్. పాలిషుబియ్యము తిన్న కోళ్ళకు బెరిబెరిని పోలిన వ్యాధి వచ్చుటయు, తవుడుతో కూడిన బియ్యము పెట్టగా అది తగ్గుటయు ఆయన చూచినాడు. 1897లో ఆ ఫలితములు ప్రకటింపబడినవి. తెల్లబియ్యములో ఏదో విషమున్నదని ఆయన మొదట ఊహించినాడు. విషము ఉండుట కాదు, అవసరమైన వస్తువు లేకపోవుటయే కారణమని ఆయన తరువాత అచ్చటనే పనిచేసిన గ్రీన్స్ 1901లో తేల్చినాడు. 1926లో జాన్సెన్, డొనాత్ అను శాస్త్రజ్ఞులు జావాలోనే ఆ వస్తువును తవుటినుండి శుద్ధరూపమున వేరుచేసినారు. 1929లో ఐక్మన్‌కు నోబెల్ బహుమానము లభించినది.

ఫిలిప్పీను దీవులలోని మనీలాలో జరిగిన పని మన విషయమునకు ఇంకను దగ్గర. అచ్చట తల్లిపాలు త్రాగు శిశువులు బెరిబెరితో మరణించుచుండిరి. ఛాంబర్లేన్, వెడ్డర్ అను వైద్యులు 1912లో తవుటినుండి తీసిన సారమును ఆ బిడ్డలకు చుక్కలు చుక్కలుగా త్రాగించి నయము చేసినారు. పశువుల తొట్టిలో వేయు పదార్థమే పసివాని ప్రాణము నిలిపినది.

కూనూరు పరిశోధనలు

మన దేశములో ఈ పరిశోధనకు పునాది వేసినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్. 1918లో నీలగిరి కొండలలోని కూనూరులో ఆయన ఆహారలోప వ్యాధుల పరిశోధన ప్రారంభించినాడు. బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గురించి నారిస్‌తో కలిసి 1924లో ఒక గ్రంథము ప్రకటించినాడు. దేశములోని వివిధ ప్రాంతముల వారు తిను ఆహారములను ఎలుకల గుంపులకు వేరువేరుగా పెట్టి వాటి పెరుగుదలను పోల్చినాడు. ముడి గోధుమపిండి రొట్టెలు, పాలు, పప్పు, కూరలు గల సిక్కుల ఆహారము తిన్న ఎలుకలు అన్నిటికంటె బాగుగా పెరిగినవి. అన్నము ప్రధానముగా గల మదరాసు, వంగదేశపు ఆహారములు తిన్నవి వెనుకబడినవి.

మెక్‌కారిసన్ పిమ్మట 1935లో ఎయిక్రాయిడ్ కూనూరు సంస్థకు అధిపతి యైనాడు. ఆయన తన సహచరులైన కృష్ణన్, పాస్మోర్, సుందరరాజన్ గార్లతో కలిసి భారతదేశపు బియ్యము సమస్యపై 1940లో ఒక నివేదిక ప్రచురించినాడు. ఒక ప్రశ్న వారిని ఆకర్షించినది. దక్షిణదేశమున చాల ప్రాంతములలో ప్రజలు మిల్లుబియ్యమే తినుచున్నను బెరిబెరి లేదు. సర్కారులలోనే ఏల ఉన్నది?

సమాధానము బియ్యమును తయారుచేయు పద్ధతిలో ఉన్నది. ఆ యితర ప్రాంతములలో వాడుక ఉప్పుడుబియ్యము. వడ్లను నానబెట్టి, ఆవిరిమీద ఉడికించి, ఆరబెట్టి, పిమ్మట పొట్టుతీయుదురు. నానునప్పుడును ఉడుకునప్పుడును పై పొరలలోని విటమిను గింజ లోపలికి ఇంకును. తరువాత పాలిషు పట్టినను చాలవరకు పోదు. మిల్లులో ఆడిన ఉప్పుడుబియ్యములో సైతము 100 గ్రాములకు 0.21 మిల్లిగ్రాముల థయమిను నిలిచియుండును. దంపుడు పచ్చిబియ్యములో ఉన్నదియు అంతే. సర్కారులలోనివారు పచ్చిబియ్యమునకు అలవాటు పడినారు. ఉప్పుడుబియ్యపు వాసన, రంగు వారికి నచ్చలేదు. ఈ విధముగా రెండు ప్రాంతముల ఆరోగ్యములో ఇంతటి భేదమునకు మూలము వారి వారి రుచి, అలవాటు.

తల్లి కంచము, బిడ్డ పాలు

ఎయిక్రాయిడ్, కృష్ణన్ గార్లు మదరాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతమున శిశుమరణములను పరిశీలించి 1941లో ఒక వ్యాసము ప్రచురించినారు. శిశువులకు వచ్చు బెరిబెరి సామాన్యముగా రెండవ నెల మొదలు అయిదవ నెలవరకు కనిపించును. చూచుటకు పుష్టిగా నున్న బిడ్డ పాలు త్రాగుట మానును, వాంతులు చేసికొనును, గొంతు బొంగురుపోయి ఏడ్చినను శబ్దము రాదు. గుండె దెబ్బతిని కొద్ది గంటలలోనే ప్రాణము పోవచ్చును. థయమిను ఇచ్చినచో అంతే త్వరగా తేరుకొనును. ఔషధము అంత సులభమైనది కనుకనే దాని లేమివలన కలిగిన మరణములు మరింత దుఃఖకరములు.

తల్లిపాలు బిడ్డకు అమృతమే. లోపము పాలలో కాదు, తల్లి కంచములో. లెక్క చూడుడు. పాలిచ్చు తల్లికి దినమునకు 1.5 మిల్లిగ్రాముల థయమిను కావలెను. ఆమె 500 గ్రాముల మిల్లు పచ్చిబియ్యము తిన్నచో దానినుండి వచ్చునది 0.3 మిల్లిగ్రాములు, అదియు కడుగుటకు ముందు. అంతే ఉప్పుడుబియ్యము తిన్నచో 1.05 మిల్లిగ్రాములు. మిగిలినది పప్పు, వేరుసెనగ, మాంసము, పాలు పూరింపవలెను. కాని బాలింతకు కూరలు, పప్పు, పండ్లు మాన్పించి, పాతబియ్యపు అన్నములో కారపుపొడి కలిపి పెట్టు పథ్యము మన ఇండ్లలో వాడుకగా ఉండెను. ఇంటి పెద్దలు ఆమె మేలు కోరియే ఆ కట్టుబాటు పెట్టినారు. అయినను ఏ దినములలో ఆమెకు వివిధ పదార్థములు ఎక్కువ అవసరమో ఆ దినములలోనే అవి తగ్గిపోయినవి.

ఇది గతించిన కథ యని తలపరాదు. పాలిషుబియ్యమును, బాలింతపథ్యమును కలిసిన చోట ఈ వ్యాధి మరల తలయెత్తునని ఇటీవల కాశ్మీరమునుండి వచ్చిన వైద్యుల నివేదికలు తెలుపుచున్నవి.

వ్యాధి ఎట్లు తగ్గినది?

1934లో గాంధీజీ ప్రేరణతో వార్ధాలో ఏర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడుబియ్యమును ప్రోత్సహించినది. ఆ ప్రచారము ఆలోచన రేపినదే గాని మిల్లులను ఆపలేదు. ఆపకపోవుటకు తగిన కారణము కలదు. రోకటిపోటు స్త్రీల శ్రమ. దినమునకు గంటలకొలది దంచిన చేతులకు మిల్లు విశ్రాంతి నిచ్చినది. అదియుగాక తవుటిలో నూనె ఉండుటచే ముడిబియ్యము త్వరగా వాసనపట్టును. నిలువకును వర్తకమునకును తెల్లబియ్యమే అనువు.

ఇరువదవ శతాబ్ది రెండవ భాగములో బెరిబెరి ఈ తీరమున క్రమముగా అరుదైనది. మందులు అందుబాటులోనికి వచ్చినవి. భోజనములో అన్నముతో పాటు పప్పు, పాలు, కూరగాయలు, గోధుమ హెచ్చినవి. కూనూరు సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది.

అయితే ఒక లోపము తగ్గినంత మాత్రమున పని ముగియలేదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 60 మందికి మించి రక్తహీనత గలవారే. కడుపు నిండుట వేరు, పోషణ జరుగుట వేరు అని డెల్టా చరిత్ర చెప్పిన పాఠము నేటికిని చెల్లుచున్నది.

పిల్లవాని రుచి ఎచ్చట పుట్టును?

అన్నప్రాశన నాడు బిడ్డ ఎదుట పుస్తకము, కలము, బంగారము మొదలగునవి ఉంచి, దేనిని పట్టుకొనునో యని వేడుక చూచుదుము. బిడ్డ ఏది పట్టుకొన్నను మనము ఉంచిన వాటిలోనిదే గదా! ఆహార విషయమునను ఇదే నియమము.

అమెరికాలో క్లారా డేవిస్ అను వైద్యురాలు దీనిని పరీక్షించినారు. ఆమె 1939లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, పాలు మాన్పించు వయసులోని 15 మంది పిల్లల ఎదుట 34 రకముల ఆహారములనుండి కొన్నింటిని ప్రతిపూట ఉంచి, తమకు నచ్చినది తిననిచ్చినారు. పిల్లలు తలకొక విధముగా ఎన్నుకొనినను అందరును ఆరోగ్యముగా పెరిగినారు. దీనిని చూచి పిల్లల ఇష్టమునకు వదలివేసిన చాలునని కొందరు అనుకొన్నారు. కాని రహస్యము ఆహారముల పట్టికలో ఉన్నదని ఆమెయే వివరించినారు. ఆ పట్టికలో చక్కెర లేదు, పాలిషుపట్టిన ధాన్యము లేదు. ఏది తిన్నను మేలు చేయునదే. ఎదుట ఏమి ఉంచవలెనన్నది పెద్దల పని, అందులో ఎంత తినవలెనన్నది పిల్లల పని.

రుచి అంతకు ముందే మొదలగునని తరువాతి పరిశోధనలు చూపినవి. గర్భిణియై యున్నప్పుడు గాని పాలిచ్చునప్పుడు గాని తల్లి కారట్ రసము త్రాగినచో, ఆ బిడ్డ తరువాత కారట్ రుచిని సులభముగా అంగీకరించునని 2001లో మెనెల్లా అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ప్రకటించినారు. అనగా బలమును వలెనే రుచియును తల్లి కంచమునుండి బిడ్డకు చేరును. కొత్త కూరను పసివాడు మొదటిసారి ఉమ్మివేయుట సహజము. ఎనిమిది మొదలు పదునైదు మారులు కొంచెము కొంచెముగా రుచి చూపించినచో చాలమంది పిల్లలు దానికి అలవాటుపడుదురు. బెదరించి తినిపించినను, మిఠాయి ఆశచూపి తినిపించినను ఆ పదార్థముపై అయిష్టమే పెరుగును. ఇంటిలో అందరు కలిసి కూర్చుండి అదే కూర తినుట అన్నిటికంటె మేలైన ఉపాయము.

డెల్టా కంచము

ఇందుకు దూరదేశపు సరకులు అక్కరలేదు. వరి కోసిన మాగాణిలో డెల్టా రైతు మినుములు, పెసలు చల్లును. మినపపప్పులో 100 గ్రాములకు 0.42 మిల్లిగ్రాముల థయమిను కలదు, తెల్లబియ్యముకంటె ఏడురెట్లు. మినుములు, బెల్లము, నేయి కలిపిన సున్నుండ ఈ విధముగా చూచిన ఒక చక్కని బాలాహారము. వేరుసెనగలో థయమిను 0.9 మిల్లిగ్రాములు. రాగులలో 344 మిల్లిగ్రాముల సున్నము కలదు, తెల్లబియ్యములో అది 10 మిల్లిగ్రాములు మాత్రమే. పెరటిలోని మునగాకు, తోటకూర పప్పులో చేరినచో ఎ విటమినునకు మూలమైన కెరోటినును, సున్నమును చేర్చును. దానిపై పిండిన నిమ్మరసము ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. బందరు, దివిసీమ తీరమున దొరకు చిన్న చేపలను ముల్లుతో మెత్తగా వండినచో మాంసకృత్తులును సున్నమును రెండును లభించును. అన్నము మానవలసిన పని లేదు. తక్కువ పాలిషు పట్టించి, ఒకటి రెండు మారులే కడిగి, గంజి వార్చకుండ వండిన చాలును.

పాఠశాలలో చేయదగిన పని

బడిలో భోజనము పెట్టు ఆలోచన దక్షిణదేశమున పాతదే. 1920లో త్యాగరాయచెట్టిగారు అధ్యక్షులుగా నున్న మదరాసు నగరపాలక సంఘము తన పాఠశాలలో దానిని ప్రారంభించినది. సర్వోన్నత న్యాయస్థానము 2001లో ఇచ్చిన ఆదేశము పిమ్మట, 2003లో మన రాష్ట్రపు బడులలో వండిన మధ్యాహ్న భోజనము అమలులోనికి వచ్చినది. ఇటీవలి సంవత్సరములలో ఆ భోజనపు బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను గల గింజలు కలిపినారు. ఈ ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు, డెల్టా సీమకు పొరుగున భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఉపాధ్యాయులు దీనిని పాఠముగా మలచవచ్చును. విద్యార్థులచే 100 గ్రాముల వడ్లు తూచి, దంచించి, చెరిగించి, ఊక, తవుడు, బియ్యము వేరువేరుగా తూయింపుడు. సుమారు 20 గ్రాములు ఊక, 8 మొదలు 10 గ్రాములు తవుడు వచ్చును. ఆ చిటికెడు తవుటిలో పోవునది ఎంతయో అప్పుడు లెక్క కట్టింపుడు. నిన్న తిన్న పదార్థములను రంగుల వారీగా వ్రాయించినచో కంచము ఎంత తెల్లగా ఉన్నదో పిల్లలకే తెలియును. ఒక కొత్త ఆకుకూరను నెలలో పలుమారులు భోజనములో చేర్చి, ఎందరు తినుచున్నారో వారిచేతనే లెక్కింపజేయుడు. తినని వారిని నిందింపకుడు.

ఒకప్పుడు ఈ సీమలో తెలుపు సంపదకు గుర్తు. ఆ గుర్తునకై తల్లులును పసిబిడ్డలును చెల్లించిన వెల చాల పెద్దది. నేడు అదే మోజు పాలిషుబియ్యముతో పాటు మైదా రొట్టెలు, పొట్లములలోని చిరుతిండ్ల రూపమున మన పిల్లల ఎదుటికి వచ్చుచున్నది. వారి ఎదుట ఏమి ఉంచవలెనో నిర్ణయించు శక్తి మాత్రము నేటికిని పెద్దల చేతులలోనే కలదు.